నక్షత్రమును నిలబెట్టు నియమము

నియాను పరమాణువులో 10 ఎలక్ట్రానులు, సోడియములో 11 ఉన్నవి. ఆ ఒక్క ఎలక్ట్రాను తేడా వలననే నియాను దేనితోను కలియని వాయువైనది. సోడియము నీటిలో వేయగానే చెలరేగు లోహమైనది. ఆ పదకొండవ ఎలక్ట్రాను లోపలి కర్పరములలో చేరక బయట ఒంటరిగా ఎందుకుండవలె? లోపల చోటు లేదు కనుక. చోటనగా ఇచ్చట వైశాల్యము కాదు, క్వాంటం స్థితి.

ఒకే క్వాంటం స్థితిలో రెండు ఎలక్ట్రానులు ఉండజాలవని 1925లో వోల్ఫ్‌గాంగ్ పౌలీ ప్రతిపాదించెను. ఇదియే వర్జన నియమము. భ్రమణసంఖ్య 1/2, 3/2 ఇట్లు ఉండు కణములన్నియు దీనికి లోబడును. ఎన్రికో ఫెర్మి పేరిట వీటిని ఫెర్మియానులందురు. ఫోటానులకీ కట్టడి లేదు. అవి మన సత్యేంద్రనాథ్ బోసు పేరు మోయు బోసానులు.

విద్యార్థులు దీనిని ఎలక్ట్రానుల మధ్యనుండు విద్యుద్వికర్షణముగా పొరబడుట కద్దు. విద్యుదావేశము లేని న్యూట్రానులకును ఇది వర్తించునని చెప్పిన చాలు, ఆ భ్రమ తొలగును. పరీక్షకై వల్లించు ఈ నియమము చేయు ఘనకార్యమును చూడవలెనన్న ఆకాశము వంక చూడవలె.

సూర్యుని తన గురుత్వాకర్షణ లోనికి లాగుచుండగా, లోపలి వేడి వాయువుల పీడనము నిలబెట్టుచున్నది. ఇంధనము తీరి, నక్షత్రము చల్లారిన పిమ్మట? అది కుంచించుకొనిపోవును, ఎలక్ట్రానులు ఇరుకున పడును. నేల, బెంచీ టిక్కెట్లు అయిపోయిన సినిమాహాలులో ఆలస్యముగా వచ్చినవాడు ఎక్కువ ధరపెట్టి బాల్కనీకి పోక తప్పనట్లు, అల్పశక్తి స్థితులు నిండగా మిగిలిన ఎలక్ట్రానులు అధికశక్తి స్థితులలో అతివేగముగా తిరుగవలసివచ్చును. ఆ వేగమే పీడనము. దానికి వేడితో పనిలేదు. పరమశూన్య ఉష్ణోగ్రతయందును అది ఉండును. మనవారు లుబ్ధకమను సిరియస్ నక్షత్రపు జోడు ఇట్టి శ్వేత కుబ్జమే. దాని ద్రవ్యరాశి దాదాపు సూర్యునంత, పరిమాణము దాదాపు భూమియంత! అందలి చెంచాడు పదార్థము టన్నులు తూగును. దీని కారణమును 1926లో ఫౌలర్ వివరించెను.

మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో చదివిన సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్, 1930లో ఓడలో ఇంగ్లండు పోవుచు, ఇంకొక ప్రశ్న వేసికొనెను. ఎలక్ట్రానుల వేగము కాంతివేగమును సమీపించిన నేమగును? అంతకుమించి వేగము పెరుగదు గనుక, నక్షత్రము కుంచించుకొనినకొలది పీడనము మునుపటివలె త్వరగా పెరుగదు. ఆయన లెక్కల ఫలితముగా తేలిన హద్దు, సూర్యునికి దాదాపు 1.4 రెట్ల ద్రవ్యరాశి. 1935లో ఎడింగ్టనంతటివాడు దీనిని త్రోసిపుచ్చెను. 1983లో చంద్రశేఖరుకు నోబెల్ బహుమానము వచ్చెను.

ఆ హద్దు దాటినచో ఎలక్ట్రానులు ప్రోటానులతో కలిసి న్యూట్రానులగును. అవియు ఫెర్మియానులే! ఆ పీడనముతో, న్యూట్రానుల నడిమి బలముల తోడ్పాటుతో, సుమారు 20 కిలోమీటర్ల వ్యాసము గల న్యూట్రాను నక్షత్రము నిలుచును. దానికిని ఒక హద్దు కలదు. అదియు దాటిన, కూలుటను ఆపు శక్తి ఏదియు మనకు తెలియదు.