సేద్యగాని చిట్టా



పాత నల్లగొండ, మహబూబునగరు జిల్లాల మెట్టసీమలో సేద్యము చేయువారితో నేడు నేను లెక్కలను గూర్చి ముచ్చటింపదలచితిని. ఈ సీమలో వ్రాతలకు కొదువ యెన్నడును లేదు. భూమిలెక్క పట్వారి వ్రాసెను. అప్పులెక్క సాహుకారు వ్రాసెను. సేద్యగాడు వ్రేలిముద్ర వేసెను. 1946 మొదలు 1951 వరకు జరిగిన తెలంగాణ రైతాంగ పోరాటములో నల్లగొండ పల్లెలయందు అప్పుపత్రములను తగులబెట్టుటకు ఈ బాధయు నొక కారణము. ఆ పత్రములు కాలిపోయినను, సేద్యగాడు తనకై తాను వ్రాసికొను చిట్టా నేటికిని పెక్కిండ్లలో కానరాదు.

చిట్టా వ్రాయుట గొప్ప విద్య కాదు. పిల్లలు సగము వ్రాసి విడిచిన నోటుపుస్తకము చాలును. పత్తికి, వరికి, కందికి, ఆముదమునకు వేరువేరు పుటలుండవలెను. అన్నియు నొకే పద్దులో కలిపినచో ఏ పంట పెట్టినదో, ఏ పంట తిన్నదో తెలియదు. ఒకవైపున జమ, ఒకవైపున ఖర్చు. తేది, వస్తువు, పరిమాణము, పైకము ఆనాడే వ్రాయవలెను. విత్తనములకును మందులకును రసీదు అడిగి ఆ పుటలోనే భద్రపరుపవలెను. విత్తనము మొలవనినాడు మీ మాటకు అదియే సాక్ష్యము.

ఒక యెకరము పత్తిని తీసికొందము. ఈ అంకెలు వివరించుటకై నేను వేసికొన్నవి. మీ అంకెలు వేరుగా నుండును. ఆరు క్వింటాళ్లు పండి, క్వింటాలు 7,000 రూపాయలకు అమ్మినచో 42,000 వచ్చును. దుక్కి, విత్తనము, ఎరువు, మందు, కూలి కలిసి 26,000 అయినవనుకొందము. 16,000 మిగిలినవని సంతోషింతుము. కాని అందులో 20,000 నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి తెచ్చినచో ఎనిమిది నెలలకు వడ్డీయే 3,200. ఇంటివారు ముప్పది దినములు పనిచేసినచో, దినమునకు 300 చొప్పున 9,000. ఇక మిగులునది 3,800 మాత్రమే. ఆ చేను పదివేలకు కౌలుకు తీసికొన్నదైనచో 6,200 నష్టము. ఇల్లాలు కలుపు తీసిన దినములు వ్రాయనంతకాలము ఈ నష్టము లాభమువలెనే కనబడుచుండును.

“లెక్క వ్రాసినచో వాన కురియునా? ధర పెరుగునా?” అని కొందరడుగుదురు. కురియదు, పెరుగదు. కాని ఎంత కౌలుకు ఒప్పుకొనవచ్చును, ఏ పైరు తగ్గింపవలెను, మరియొక బోరు వేయుటకు అప్పు చేయవచ్చునా అను ప్రశ్నలకు మూడేండ్ల చిట్టా సమాధానము చెప్పును.

బోరుమాట వచ్చినది గనుక నీటిలెక్కయు చెప్పవలెను. ఈ సీమ చాలవరకు గట్టిరాతినేల. చివికిన పైపొరలోను రాతిపగుళ్లలోను మాత్రమే నీరు నిలుచును. కావున బోరు బోరుకును అప్పు పెరుగుటయే గాని నీరు పెరుగదు. 2003 మొదలు 2009 వరకు ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో నాటి ఆంధ్రప్రదేశములోని ఏడు కరవు జిల్లాలలో ఒక పని జరిగినది. నల్లగొండ, మహబూబునగరు అందు చేరినవి. రైతులు తామే వానను కొలిచి, బోర్లలోని నీటిమట్టమును పదునైదు దినముల కొకసారి చూచి, అందరికి కనబడునట్లు ఊరిలో పలకపై వ్రాసిరి. యాసంగికి ముందు కలిసి కూర్చుండి, ఉన్న నీరెంత, వేయదలచిన పైరులకు వలయు నీరెంత యని సరిచూచిరి. ఏ పైరు వేయవలెనో ఎవరును ఆజ్ఞాపింపలేదు. అయినను అంకెలు చూచి వరి తగ్గించుకొని ఆరుతడి పైరులకు మరలినవారు కలరు.

చదువు రానివారు పిల్లలచేత వ్రాయించి, ప్రతి ఆదివారము చదివించుకొని వినవలెను. మృగశిర కార్తెలో దుక్కికూలితో మొదటి పద్దు వ్రాయుడు; పంట అమ్మి బాకీ తీర్చిననాడు కడపటి పద్దు వ్రాసి, ఇంటిల్లిపాదియు కూర్చుండి మొత్తము వేసికొనుడు. ఆ పిమ్మటనే వచ్చు సంవత్సరపు పైరును నిర్ణయింపుడు.