మీకు తెలుసా? కింద ఫ్యాను, పైన రగ్గు

నవంబరులో రోలుగుంటలో ఫ్యాను కింద పడుకున్న చుట్టం, తెల్లారగట్ల నర్సీపట్నం మీదుగా లంబసింగి ఎక్కితే రగ్గు ఏదీ అని తడుముకుంటాడు. నర్సీపట్నం నుంచి ముప్పై కిలోమీటర్ల చిల్లర దారి, ఎత్తు మాత్రం వెయ్యి మీటర్ల దాకా. పైకి పోయేకొద్దీ గాలి కిలోమీటరుకు సగటున 6.5 డిగ్రీలు చల్లబడుతుంది. ఆ లెక్కన తేడా ఆరున్నర డిగ్రీలకు మించకూడదు. మిగతా చలి ఎక్కడిది?

అది లోయ చేసే పని. మబ్బు లేని రాత్రి నేల తన వేడినంతా ఆకాశానికి వదిలేస్తుంది. నేలనంటి ఉన్న గాలి చల్లబడి, బరువెక్కి, కొండవాలు వెంట నీళ్లలా జారి పల్లంలో నిలుస్తుంది. అందులోని తేమే మనం ఫొటోలు తీసుకునే పొగమంచు. అందుకే ఒక్కోసారి కొండకొమ్ము మీదకన్నా కింద పల్లంలోనే ఎక్కువ వణుకు పుడుతుంది. లంబసింగికి కొర్రబయలు అని ఇంకో పేరుంది. రాత్రి బయట ఉండిపోయినవాడు కర్రలా బిగుసుకుపోతాడని దాని అర్థమట.

మరి సెల్‌ఫోనులో కనిపించే అంకె? అది కొన్ని కిలోమీటర్ల మేర వేసిన అంచనా. మీరు నిలబడ్డ పల్లం దానికి తెలియదు. పేపర్లలో వచ్చే మన్యం చలి అంకెలు చాలావరకు చింతపల్లి వ్యవసాయ పరిశోధన కేంద్రంలో కొలిచినవి. లంబసింగి చలిని కూడా వాటినిబట్టే ఊహిస్తుంటారు. నన్నడిగితే, బయల్దేరే ముందురోజు సాయంత్రం ఆకాశం చూసుకోవడం మేలు. చుక్కలు స్పష్టంగా కనిపిస్తే రగ్గు సర్దుకోండి. బంగాళాఖాతంలో అల్పపీడనం ఉందంటే మబ్బే దుప్పటవుతుంది, నేల వేడి పైకి పోదు. అలాంటి వారం మంచు కోసం వెళ్లినవాళ్లు వానలో తడిసి, చలి లేదేమని విసుక్కుంటూ దిగొస్తారు.

నైరుతి రుతుపవనాలు వెళ్లడానికీ, ఈశాన్య రుతుపవనాలు రావడానికీ నడుమ అక్టోబరులో ఉండే ఎడం కొద్ది రోజులే. కొండల మీద వలిసె పూలు పచ్చగా విరియడం కూడా దాదాపు అప్పుడే మొదలవుతుంది. పర్యాటకులు మెచ్చే ఈ నెలలోనే సముద్రం లేస్తుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర తీరం దాటింది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస వైపు, 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా నరసాపురం దగ్గర. హుద్‌హుద్ అంటే కూకుడు గువ్వ, తిత్లీ అంటే సీతాకోకచిలుక, మొంథా అంటే వాసన గల పువ్వు. పేర్లు పెట్టేవాళ్లకు ఏం సరదానో!

తారీఖులు మరోసారి చూడండి. మొదటి రెండూ చిత్త కార్తెలో, మూడోది స్వాతిలో పడ్డాయి. కార్తె సూర్యుడి నడకను బట్టి వస్తుంది కాబట్టి పండగల్లా ముందూ వెనకా జరగదు. చిత్త అక్టోబరు 10, 11 ప్రాంతంలో, స్వాతి 24న, విశాఖ నవంబరు 6 దరిదాపుల్లో ఏటా మొదలవుతాయి. రైతు దుక్కికీ కోతకూ వాడే ఈ లెక్క, టికెట్టు తీసుకునేవాడికీ పనికొస్తుంది. విశాఖ కార్తె కూడా సగం గడిచాక బయల్దేరితే తడిసే భయం కొంత తక్కువ. కొంతే సుమా. 1977లో దివిసీమ ఉప్పెన వచ్చింది నవంబరు 19న.

ఎండ పూర్తిగా ముదరకముందు మార్చి, ఏప్రిల్‌లో ఇంకో మంచి సమయముంది. కింద మధ్యాహ్నం మాడుస్తుంది కానీ, చింతపల్లి వైపు ఒక్క మంచి జల్లు పడితే, వారం పది రోజులకు కాఫీ తోటలన్నీ ఒక్కసారిగా తెల్లగా పూస్తాయి. మల్లెను తలపించే ఆ వాసన నాలుగు రోజులకు మించి నిలవదు.

రోలుగుంట మండలంలోనే అర్ల వైపు కొండ ఊళ్లకు వెళ్లేవాళ్లకు మాత్రం ఒక మాట: మీ నెత్తిన చినుకు లేకపోయినా, పైన కురిసిన వానకు గెడ్డ పొంగుతుంది. నీళ్లు ఎర్రగా మారితే దిగకుండా ఇవతలి గట్టునే ఆగండి.