మోగని అలారం

ప్రొడక్షన్ సర్వర్లు చూసుకునే మిత్రులకి తెలిసిన సంగతే. సర్వర్ పడిపోయి అలారం మోగితే కంగారే కానీ భయం లేదు, లేచి సరిచేసుకుంటాం. అసలు భయం ఎప్పుడంటే, తెర మీద అన్నీ పచ్చగానే కనిపిస్తూ లోపల డేటా పాడైపోతున్నప్పుడు! కరోనా వైరస్ మన కణంలో చేసే పని కూడా ఇలాంటిదే.

2021 మే నెలలో ఒక అర్ధరాత్రి ఖమ్మం నుంచి బాబాయి ఫోన్ చేశారు. "ఒరేయ్, రెండు రోజుల నుంచి జ్వరం. వాట్సాప్‌లో ఎవరో పంపిన మందుల చీటీలో స్టెరాయిడ్ మాత్రలున్నాయి, వేసుకోనా?" అమెరికాలో ఉన్నవాడికి అన్నీ తెలుసని ఆయన నమ్మకం. కంప్యూటర్లు చదివిన నాకేం తెలుసు? "డాక్టర్ని అడక్కుండా వేసుకోకండి బాబాయ్" అన్నాను. అప్పటికే మొదలుపెట్టేశారని వారం తర్వాత, ఆక్సిజన్ పెట్టాక తెలిసింది. అదృష్టం బాగుండి బయటపడ్డారు. ఆ మాత్రల వల్లే అంతదాకా వచ్చిందని నేననను. కానీ రెండో రోజు వద్దన్న మందునే ఆసుపత్రిలో వారం తర్వాత ఎందుకిచ్చారు? ఈ ప్రశ్న నన్ను చాలాకాలం వదల్లేదు.

ముందు మన కణం సంగతి చూద్దాం. వైరస్ తన ఆర్‌ఎన్‌ఏకి నకళ్ళు తీసేటప్పుడు రెండు పేటల ఆర్‌ఎన్‌ఏ తయారవుతుంది. ఆరోగ్యంగా ఉన్న కణంలో అలాంటిది పెద్దగా కనపడదు. ఎండీఏ5 వంటి కాపలా ప్రోటీన్లు దాన్ని పసిగట్టగానే కణం ఇంటర్‌ఫెరాన్‌ని విడుదల చేస్తుంది. "దొంగొచ్చాడు, తలుపులేసుకోండి" అని ఇరుగుపొరుగు కణాలకి పెట్టే కేక అది. ఐజాక్స్, లిండెన్‌మాన్ అనే శాస్త్రజ్ఞులు 1957లో దీన్ని కనిపెట్టి ఆ పేరు పెట్టారు.

ఈ కేక బయటికి రాకుండా కరోనా వైరస్ పడే పాట్లు చూస్తే ఆశ్చర్యమేస్తుంది. దాని జన్యువు సుమారు 30,000 అక్షరాలు. అక్షరానికి రెండు బిట్ల చొప్పున లెక్కేస్తే ఏడున్నర కిలోబైట్లు! అంత చిన్న ప్రోగ్రాంలోనే ఇన్ని ఎత్తులు:

మొదటిది, దాక్కోవడం. కణంలోని పొరలతోనే రెండు గోడల సంచులు కట్టుకుని, వాటిలో నకళ్ళు తీసుకుంటుంది.

రెండోది, మారువేషం. ఎన్‌ఎస్‌పి16 అనే ప్రోటీన్ వైరస్ ఆర్‌ఎన్‌ఏ కొసన ఒక రసాయన ముద్ర వేయడంతో అది మన సొంత ఆర్‌ఎన్‌ఏలాగే కనిపిస్తుంది.

మూడోది, ఆధారాలు చెరిపేయడం. కాపలా ప్రోటీన్లకి దొరికే ఆర్‌ఎన్‌ఏ ముక్కల్ని ఎన్‌ఎస్‌పి15 కత్తిరించేస్తుంది.

నాలుగోది, తీగలు కోయడం. ఎన్‌ఎస్‌పి1 రైబోజోముల్లో అడ్డుపడి మన ప్రోటీన్ల తయారీని దెబ్బతీస్తుంది. ఓఆర్‌ఎఫ్6 కేంద్రకం ద్వారాన్ని పట్టుకుని, అలారం కబురు లోపలికి పోకుండా చూస్తుంది.

అలారం ఆలస్యమైన ఆ వ్యవధిలో వైరస్ లెక్కలేనన్ని నకళ్ళు తీసుకుంటుంది. తర్వాత దేహం మేలుకున్నప్పుడు అన్ని గంటలూ ఒక్కసారే మోగుతాయి. అసలు ప్రమాదం ఇక్కడుంది.

కొత్తగూడెంలో పుట్టి, ఉస్మానియాలో పీహెచ్‌డీ చేసిన కన్నెగంటి తిరుమలాదేవి గారు మెంఫిస్‌లోని సెయింట్ జూడ్ ఆసుపత్రిలో ఈ రెండో ఘట్టం మీదే పరిశోధన చేశారు. టీఎన్‌ఎఫ్, ఇంటర్‌ఫెరాన్ గామా అనే రెండు సంకేతాలు కలిస్తే మన కణాలు వాటంతటవే చచ్చిపోతాయనీ, ఆ రెంటినీ అడ్డుకుంటే వైరస్ సోకిన ఎలుకల్లో మరణాలు తగ్గుతాయనీ ఆమె బృందం 2021లో 'సెల్' పత్రికలో చూపించింది. కరోనా వైరస్ సోకిన కణాల్లో, ఇంటర్‌ఫెరాన్ మందుగా ఇచ్చినప్పుడు జడ్‌బీపీ1 అనే ప్రోటీన్ పెరిగి కణాల చావుకి కారణమవుతుందని 2022లో తేల్చింది.

మనుషుల్లో జరిగిన పరీక్షలూ దీనికి తగ్గట్టే ఉన్నాయి. అమెరికా ప్రభుత్వ సంస్థ 2020లో ఆసుపత్రిలో చేరిన రోగులకి ఇంటర్‌ఫెరాన్ బీటా ఇచ్చి చూస్తే అదనపు మేలేమీ కనపడలేదు. మరో రకం, ఇంటర్‌ఫెరాన్ లామ్డాని బ్రెజిల్, కెనడాల్లో లక్షణాలు మొదలైన వారంలోపు ఒక్క ఇంజెక్షన్‌గా ఇస్తే, ఆసుపత్రి పాలయ్యేవారు సుమారు సగానికి తగ్గారు. ఈ ఫలితం 2023లో వచ్చింది. ఏ రకం ఇచ్చామన్నది ఎంత ముఖ్యమో, ఎప్పుడు ఇచ్చామన్నదీ అంతే ముఖ్యం.

బాబాయి మాత్రలకీ ఇదే సూత్రం. 2020లో బ్రిటన్‌లో జరిగిన రికవరీ పరీక్షలో డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ వెంటిలేటర్ మీదున్నవారి మరణాలని మూడో వంతు తగ్గించింది. ఆక్సిజన్ అవసరం లేనివారికి మాత్రం ఏ మేలూ చేయలేదు. ఆలస్యంగా మోగి చెవులు చిల్లులుపడే గంటని తగ్గించడం వైద్యం. వైరస్ ఇంకా తీగలు కోస్తున్నప్పుడే మనమూ గంట నొక్కిపెడితే, దొంగకి సాయం చేసినట్టే కదా!

ఇప్పుడు ఇంటి నుంచి జ్వరమని ఫోనొస్తే నేనడిగేవి రెండే ప్రశ్నలు. ఇవాళ్టికి ఎన్నో రోజు? డాక్టర్‌గారేమన్నారు?