గాయం వెనుక దాగిన వేదన



అల్లాహ్‌ను స్తుతించి, ఆయన ప్రవక్త ముహమ్మద్ (స)పై దరూద్ పంపిన తరువాత, మింబర్ మీద నుండి అరుదుగా వినబడే ఒక విషయాన్ని ఈ శుక్రవారం మీ ముందుంచుతున్నాము. తమ శరీరాన్ని తామే గాయపరచుకునేవారు మన మధ్య ఉన్నారు. ఇది తెలిసీ తెలియని పిల్లల చేష్ట అని చాలామంది భావిస్తారు. సాధారణంగా కౌమారంలోనే మొదలయ్యే మాట నిజమే. కానీ ఉద్యోగాలు చేస్తూ, సంసార భారం మోస్తూ, ఐదు పూటలా నమాజు పాటించే పెద్దవారిలోనూ అది ఉండవచ్చు. అనేక అధ్యయనాలను కలిపి పరిశీలించి 2014లో వెలువరించిన ఒక సమీక్ష ప్రకారం, పెద్దవారిలో నూటికి సుమారు ఐదుగురు, చనిపోవాలన్న ఉద్దేశం లేకుండానే, జీవితంలో ఎప్పుడో ఒకసారి ఇలా చేసుకున్నవారే.

ఎందుకు చేసుకుంటారు? పరిశోధకులకు అన్నిటికన్నా ఎక్కువగా లభించిన సమాధానం ఇది: భరించలేని ఆందోళన, కోపం, దుఃఖం కాసేపు తగ్గుతాయని. ఆ ఉపశమనం ఎంతోసేపు నిలవదు. వెంటనే సిగ్గు, అపరాధభావం ముంచుకొస్తాయి, అవి మళ్ళీ ఆ వేదననే పెంచుతాయి. తమ బాధను మాటల్లో పెట్టలేనివారు, బాల్యంలో హింసకో నిరాదరణకో గురైనవారు, మానసిక కుంగుబాటుతో బాధపడేవారు ఈ వలయంలో ఎక్కువగా చిక్కుకుంటారు. ఇంకొందరు తమను తామే శిక్షించుకుంటారు. 'నేను చెడ్డవాణ్ణి, నాకిదే తగినది' అన్న స్వనింద వారిని లోలోపల తొలిచివేస్తుంది.

ఈ చివరి కారణం వద్ద మనం ఆగి ఆలోచించాలి. ఎందుకంటే అది భక్తి రూపం కూడా ధరించగలదు. హజ్రత్ ఇబ్ను అబ్బాస్ (రజి) ఉల్లేఖించిన ఒక సంఘటన బుఖారీ గ్రంథంలో ఉంది. దైవప్రవక్త (స) ఖుత్బా ఇస్తూ, ఒక మనిషి నిలబడి ఉండటం చూసి, అతని గురించి విచారించారు. అతను అబూ ఇస్రాయీల్ అనీ, కూర్చోకుండా, నీడకు పోకుండా, ఎవరితోనూ మాట్లాడకుండా ఉపవాసం ఉంటానని మొక్కుకున్నాడనీ సహచరులు చెప్పారు. అతను మాట్లాడాలనీ, నీడకు రావాలనీ, కూర్చోవాలనీ, ఉపవాసం మాత్రం పూర్తి చేయాలనీ ప్రవక్త (స) ఆజ్ఞాపించారు. ఆరాధనను ఉంచారు, హింసను తొలగించారు. ఇద్దరు కొడుకుల భుజాల ఆసరాతో కాలినడకన పోతున్న ఒక వృద్ధుని విషయంలోనూ అంతే. అతను తనను తాను హింసించుకోవడంతో అల్లాహ్‌కు పని లేదని తెలియజేసి, వాహనమెక్కి వెళ్ళమన్నారు.

ఆత్మహింస నిషిద్ధం, ఇందులో సందేహం లేదు. నిసా సూరా 29వ ఆయతులో మనల్ని మనం చంపుకోవద్దని అల్లాహ్ వారించాడు, ఆ వెంటనే తన కారుణ్యాన్ని గుర్తు చేశాడు. మనమేమో మొదటి భాగం వినిపించి ఊరుకుంటాము. భార్య చేతిపైనో తమ్ముని చేతిపైనో మచ్చ చూడగానే 'నీ ఈమాన్ బలహీనమైంది' అంటాము. ఆ మాటతో వారి సిగ్గు మరింత పెరుగుతుంది. దుఃఖంతో చూపు కోల్పోయిన హజ్రత్ యాఖూబ్ (అ) విశ్వాసాన్ని ఎవరు తక్కువ చేయగలరు? వుజూ చేసే చోట ఎవరి చేతులపైనైనా గాయాల గుర్తులు కనబడితే చూపు మరల్చుకోండి, నలుగురిలో ప్రశ్నించకండి. గాయానికి కట్టు ఉన్నవారు దానిపై మసహ్ చేస్తే సరిపోతుందన్నది ధర్మవేత్తలు చెప్పినదే, ఆ కారణంగా వారు మస్జిదుకు దూరం కానక్కరలేదు.

మీ ఇంట్లోనే అలాంటి వారుంటే ఏకాంతంలో, కోపగించుకోకుండా అడగండి, తరువాత వారు చెప్పేది వినండి. 'ఇకపై చేయనని ప్రమాణం చెయ్యి' అని ఒత్తిడి చేయకండి. దుఆతో పాటు చికిత్స కూడా కావాలి. చికిత్స పొందమని ప్రవక్త (స) స్వయంగా చెప్పారు. శరీర వ్యాధులతో పాటు మనోవ్యాధులను గురించి కూడా అబూ జైద్ అల్ బల్ఖీ వెయ్యేళ్ళకు పైబడిన కాలంలోనే గ్రంథం రచించారు. నేడు ఉద్వేగాలను తట్టుకునే మార్గాలను నేర్పే మానసిక చికిత్సలు ఉన్నాయి, కుంగుబాటుకు మందులున్నాయి. హైదరాబాదులో ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయం, విశాఖపట్నంలో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉన్నాయి. ప్రభుత్వ టెలీ మానస్ 14416 నంబరుకు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. గాయపరచుకునే ప్రతి ఒక్కరూ చావును కోరుకోరు. అయినా ముందుముందు ఆ ప్రమాదం వారిలో ఎక్కువ. చనిపోవాలని ఉందన్న మాట వినబడితే వారిని ఒంటరిగా వదలకండి, వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళండి.

దైవప్రవక్త (స) దిగులు నుండి, దుఃఖం నుండి అల్లాహ్ శరణు వేడుకునేవారు. రెండవ ఖుత్బాలో మనమూ ఈ సోదరసోదరీమణుల కోసం, ఎవరి పేరూ చెప్పకుండా, అదే వేడుకుందాము.