కంటికి దగ్గర, కాలికి దూరం: ఒమాన్ తీరంలో కుటుంబ ప్రయాణం

14వ శతాబ్దంలో ప్రపంచ యాత్రికుడు ఇబ్న్ బతూతా ఎక్కిన ఓడ ఒమాన్ తీరంలోని సూర్ రేవులో లంగరు వేసింది. అక్కడి నుంచి చూస్తే కల్‌హాత్ నగరం ఎంతో చేరువలో ఉన్నట్లు కనిపించింది. ఓడలోని వారి సాంగత్యం నచ్చని ఆయన అక్కడికి నడిచి వెళ్ళాలని నిశ్చయించుకున్నారు. అస్ర్ వేళకల్లా చేరుకోవచ్చునని అక్కడివారు చెప్పారు. దారి చూపడానికి ఒక నావికుణ్ణి కూలికి మాట్లాడుకుని, ఒక భారతీయ సహచరునితో కలిసి మధ్యాహ్నం బయలుదేరారు. నడుమ సముద్రపు పాయ అడ్డుపడింది. దారి చూపేవాడి ఉద్దేశంపై అనుమానం కలిగింది. పాయను తప్పించుకోబోయి నీటిచుక్క లేని ఎడారిలో పడ్డారు. దాహంతో అల్లాడారు. ఇంతలో చీకటి కమ్ముకుంది. ఆ రాత్రి ఆరుబయట గడిపి మరునాటి ఉదయం నగర ద్వారం చేరేసరికి, గోళ్ళ కింద నెత్తురు చిమ్ముతుందేమో అన్నంతగా ఆయన పాదాలు వాచిపోయాయి.

ఆనాడు ఆయనను అంతగా బాధించిన దూరం సుమారు 20 కిలోమీటర్లు. నేడు కారులో అరగంట కూడా పట్టదు. అయితే ఆయన చేసిన పొరపాటు మాత్రం పాతబడలేదు. దూరాన్ని కంటితో కొలవడం, ఎవరో చెప్పిన సమయాన్ని నమ్మడం, పొద్దు ఎంత మిగిలి ఉందో లెక్క చూసుకోకపోవడం అనే మూడు పొరపాట్లను చేతిలో ఫోను, అందులో పటము ఉన్న మనమూ చేస్తూనే ఉన్నాము.

కడప, రాయచోటి, నిజామాబాద్, కరీంనగర్ ప్రాంతాల నుంచి జీవనోపాధికై గల్ఫ్ దేశాలకు వెళ్ళిన కుటుంబాలు ఎన్నో. కొడుకో అల్లుడో మస్కట్‌లో స్థిరపడి, తల్లిదండ్రులను, పిల్లలను సందర్శక వీసాపై పిలిపించుకుని ఆ దేశపు అందాలు చూపించాలని కోరుకోవడం సహజం. అలాంటివారికి మస్కట్ నుంచి సూర్ వరకు సముద్రం వెంబడి సాగే 17వ నంబరు రహదారి గొప్ప వరం. ఒకవైపు నీలి సముద్రం, మరొకవైపు హజర్ పర్వత పంక్తి. దూరం సుమారు 200 కిలోమీటర్లు. ఆగకుండా వెళ్తే రెండు గంటల పైచిలుకు. ఈ లెక్క చూసే చాలామంది ఉదయం వెళ్ళి రాత్రికి తిరిగి వచ్చేద్దామనుకుంటారు. కష్టాలు అక్కడే మొదలవుతాయి.

కిలోమీటర్లు కాదు, వెలుతురు గంటలు

ఈ తీరంలో విహారానికి అనువైన కాలం నవంబరు నుంచి మార్చి వరకు. వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. అయితే ఆ చల్లని నెలల్లోనే పగలు పొట్టిగా ఉంటుంది. డిసెంబరులో సాయంత్రం ఐదున్నర లోపే మగ్రిబ్ వేళ అవుతుంది. అందుచేత పథకం వేసేటప్పుడు మొదట కాగితంపై రాయవలసినది దూరం కాదు, సూర్యాస్తమయ సమయం. అక్కడి నుంచి వెనక్కి లెక్కించుకుంటూ రావాలి.

రెండవ కొలమానం కుటుంబంలోని బలహీనుల ఓపిక. వాహనం వేగాన్ని దాని ఇంజను నిర్ణయించవచ్చు గాని, ప్రయాణ వేగాన్ని నిర్ణయించవలసినది మోకాళ్ళ నొప్పులున్న నానమ్మ, మూడేళ్ళ మనుమడు. వారు రెండు గంటలకు మించి ఒక్క బిగిన కూర్చోలేరు. నడిపేవారికీ అదే మంచిది. ఇక్కడ నమాజు వేళలే మనకు తోడ్పడతాయి. గల్ఫ్‌లో రహదారి పక్కన పెట్రోలు బంకుల వద్ద మసీదు, మరుగుదొడ్లు ఉండడం పరిపాటి. జుహ్ర్‌కు, అస్ర్‌కు ఆగే చోట్లను ముందే నిర్ణయించుకుంటే ఆరాధనా నెరవేరుతుంది, శరీరానికీ విశ్రాంతి లభిస్తుంది. సూర్ వరకు వెళ్ళే సందర్శకులు ప్రయాణికుల కోవలోకి వస్తారు. ఖసర్ విషయమై తమ మస్‌లక్ ఆలిములను బయలుదేరే ముందే అడిగి తెలుసుకుంటే దారిలో వాదోపవాదాలు ఉండవు.

రెండు రోజుల దారి

మొదటి రోజు ఉదయం ఏడింటికల్లా మస్కట్ విడవాలి. ట్యాంకు నింపుకుని, తాగునీటితోపాటు వుజూకు విడిగా ఒక డబ్బా నీళ్ళు పెట్టుకోవాలి. తొలి మజిలీ ఖురయ్యాత్ అనే జాలరుల పట్టణం. ఆ తరువాత సముద్రం కనుచూపులోనే సాగుతుంది. దిబాబ్ దగ్గర బిమ్మా గుంత వస్తుంది. సున్నపురాయి నేల కుంగి ఏర్పడిన ఈ లోతైన గుంటలో నీరు పచ్చలరాయిలా మెరుస్తుంది. అడుగు వరకు మెట్లున్నాయి. దిగలేని పెద్దలు అంచునున్న గోడ దగ్గర నిలబడి చూడవచ్చు.

పదింటికి వాదీ షాబ్ చేరుకోవాలి. వాదీ అంటే కొండల నడుమ వాన వస్తే పారే ఏరు. మన రాయలసీమవారు వంక అనేది ఇంచుమించు ఇదే. చిన్న పడవలో పాయ దాటి, రాళ్ళపై ముప్పావు గంట నడిస్తేగాని లోపలి నీటి మడుగులు కనబడవు. పడవలు పగటి వేళే నడుస్తాయి. పెద్దవారిని, పసివారిని అంత దూరం నడిపించడం భావ్యం కాదు. కుటుంబం రెండుగా విడిపోయి, ఒక జట్టు నీడపట్టున కూర్చోవడం, మరొక జట్టు వెళ్ళి నిర్ణీత సమయానికి తిరిగి రావడం మేలు. ఆ మడుగులు లోతైనవి. ఈత రానివారు నీటిలోకి దిగరాదు.

తీవీలో జుహ్ర్, భోజనం ముగించుకుని బయలుదేరితే దారిలోనే కల్‌హాత్ శిథిలాలు. ఒకనాడు ఇక్కడి నుంచి భారతదేశానికి గుర్రాలు ఎగుమతి అయ్యేవి. ఇబ్న్ బతూతా ఇక్కడ తిన్న రుచికరమైన చేపలకు తోడుగా వడ్డించిన బియ్యం మన దేశం నుంచి వచ్చినదే. బీబీ మర్యమ్ కట్టించిన మసీదును ఆయన ఎంతో మెచ్చుకున్నారు. నేడు ఆమె పేరుతో పిలిచే సమాధి కట్టడం మాత్రం నిలిచి ఉంది. 2018లో యునెస్కో ఈ నగరాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

అక్కడి నుంచి సూర్ పట్టణం. మలబారు టేకుతో ఓడలు కట్టిన ఊరు ఇది. అస్ర్ ఇక్కడ చదువుకుని, రాస్ అల్ జింజ్ వైపు మరలాలి. అరేబియా ద్వీపకల్పపు తూర్పు కొసన ఉన్న ఈ తీరానికి పచ్చ తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి వస్తాయి. మార్గదర్శకుని వెంట రాత్రిపూట గాని, ఫజ్ర్‌కు ముందు గాని చూడనిస్తారు. చీకటిలో ఆ దృశ్యం చూసి వెంటనే మస్కట్ తిరిగి రావాలనుకోవడమే ఈ యాత్రలో అత్యంత ప్రమాదకరమైన నిర్ణయం. రాత్రివేళ ఒంటెలు, మేకలు రోడ్డుపైకి వస్తాయి, నడిపేవారి కళ్ళపై నిద్ర కూర్చుంటుంది. కాబట్టి మగ్రిబ్‌కు ముందే అక్కడికి చేరి, బస అక్కడే చేయాలి. గదితోపాటు తాబేళ్ళ సందర్శననూ ముందే నమోదు చేసుకోవాలి. రెండవ రోజు సూర్ ఓడల కార్ఖానా చూసుకుని, తీర మార్గంలోనే పగటిపూట తిరుగు ప్రయాణం కట్టాలి.

ఏ వాహనం, ఎవరి చేతిలో?

ఒమాన్‌లో వాహనాలు రోడ్డుకు కుడివైపు నడుస్తాయి, స్టీరింగు ఎడమవైపు ఉంటుంది. మన ఊళ్ళో ముప్పై ఏళ్ళు నడిపినవారైనా రౌండ్అబౌట్ దగ్గర తడబడతారు. రౌండ్అబౌట్‌లో అప్పటికే తిరుగుతున్న వాహనానిదే మొదటి హక్కు. అది మనకు ఎడమవైపు నుంచి వస్తుంది. అందుచేత అక్కడి లైసెన్సు ఉండి, నిత్యం అక్కడ నడుపుతున్న కొడుకో బంధువో ఉంటే వారి చేతికే తాళాలు ఇవ్వడం వివేకం. సందర్శకులు తామే నడపదలిస్తే భారతీయ లైసెన్సుతోపాటు అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ తీసుకోవాలి. మన రవాణా కార్యాలయంలోనే ఇస్తారు. దాని గడువు ఏడాదికి మించదు. కారు అద్దెకిచ్చే సంస్థ ఏ పత్రాలు అంగీకరిస్తుందో, బీమా ఎంతవరకు వర్తిస్తుందో, ప్రమాదం జరిగితే మన జేబునుంచి ఎంత కట్టాలో ముందే రాతపూర్వకంగా తెలుసుకోవాలి.

ఈ తీర మార్గానికి మామూలు కారు చాలు. కొండలపైకి ఎక్కే మట్టి బాటలకు ఫోర్‌వీల్ డ్రైవ్ తప్పనిసరి, వాటిని ఈ యాత్రలో వదిలివేయడమే మంచిది. నడిపేవారు లేని కుటుంబాలు మస్కట్ నుంచి సూర్ వరకు మవాసలాత్ ప్రభుత్వ బస్సులో వెళ్ళవచ్చు. కాని మధ్యలో ఆగి చూసే వీలుండదు. రోజంతటికీ డ్రైవరుతో సహా వాహనం మాట్లాడుకోవడం వారికి అనువైన మార్గం. అప్పుడు ఆ డ్రైవరు భోజనం, నమాజు, నిద్ర కూడా మన బాధ్యతే అవుతాయి.

వాదీలో నీరు పారుతుంటే

కొండల్లో ఎక్కడో వాన పడితే, మన తలపై ఆకాశం నిర్మలంగా ఉన్నా వాదీలో వరద వస్తుంది. 2007 జూన్‌లో గోనూ తుఫాను ఈ తీరపు రోడ్లనే ధ్వంసం చేసింది. పారుతున్న వాదీని వాహనంతో దాటడం ఒమాన్‌లో చట్టరీత్యా నేరం. ముందు కారు దాటింది కదా అని మనమూ దాటరాదు. నీరు తగ్గేవరకు ఆగితే పోయేది ఒక పూట మాత్రమే. వాన సూచన ఉన్న రోజున ప్రయాణం వాయిదా వేసుకోవాలి. అత్యవసర సమయంలో పోలీసులను పిలిచే నంబరు 9999. ఇది కుటుంబంలో ప్రతి ఒక్కరికీ నోటికి రావాలి.

ముగ్గురు కలిసి ప్రయాణం చేసినా ఒకరిని అమీరుగా ఎన్నుకోమని దైవప్రవక్త (స) ఉపదేశించారు. నేటి కుటుంబ యాత్రలో అమీరు చేయవలసిన ముఖ్యమైన పని ఒకటుంది. మధ్యాహ్నం మూడు గంటలకు, ఇంకా చూడవలసినవి రెండు మిగిలి ఉన్నా, పిల్లలు మారాం చేస్తున్నా, “ఇక చాలు, పొద్దు వాలుతోంది, బసకు వెళ్దాం” అని చెప్పడం. ఆ మాట అందరూ మన్నించేలా బయలుదేరే ముందే ఇంట్లో కూర్చుని ఒప్పందం చేసుకోవాలి. చూడకుండా మిగిలిపోయిన వాదీని, ఇన్‌షా అల్లాహ్, మరొకసారి చూడవచ్చు. వెంట తీసుకువెళ్ళిన వారందరినీ క్షేమంగా ఇంటికి చేర్చడమే ప్రయాణపు అసలు గమ్యం.