అంటుచాకుకు ఇంట్లోనే పదును: రాయి మీద ఒకవైపే రుద్దాలి

దొడ్డబళ్ళాపురం చుట్టుపక్కల కాస్త తోటో, నాలుగు మామిడి చెట్లో ఉన్న మన తెలుగు ఇళ్ళలో వానలు మొదలవగానే సొరుగులోంచి ఒక చిన్న మడతచాకు బయటికి వస్తుంది. అంటు కట్టే చాకు. ఇక్కడి కన్నడంలో అంటు కట్టడాన్ని 'కసి' అంటారు. మన భాషలో కసి అంటే ఏమిటో తెలిసినవాళ్ళకు ఆ మాట విన్నప్పుడల్లా నవ్వొస్తుంది. కానీ మొద్దు చాకుతో కట్టిన అంట్లు వరసగా ఎండిపోతే నిజంగానే కసి పుడుతుంది, అదీ మన మీద మనకే.

నాకు అలాగే అయింది. చక్రం తిప్పుతూ వీధుల్లో సాన పట్టే ఒకాయనకు వంటింటి కత్తులతో పాటు ఈ చాకునూ ఇచ్చాను. ఆయన తప్పేమీ లేదు, కూరగాయల కత్తిని పట్టినట్టే రెండువైపులా పట్టి ఇచ్చాడు. చేతి మీద వెంట్రుకలు తెగేంత పదును. ఆ సంతోషంలో కట్టిన మామిడి అంట్లలో సగం పైగా చిగురు వేయలేదు. పదును ఉండి కూడా ఎందుకు పోయాయో అర్థం కావడానికి ఇంకో సీజను పట్టింది.

అసలు సంగతి చాకు ఆకారంలో ఉంది. వంటింటి కత్తికి అంచు రెండువైపులా వాలుగా ఉంటుంది. అంటుచాకుకు ఒకవైపే వాలు, రెండోవైపు పూర్తిగా చదును. వడ్రంగి ఉలిని గుర్తు తెచ్చుకోండి, అదే పద్ధతి. చదును వైపు మనకు కావాల్సిన పుల్లకు ఆనుకుని నడుస్తుంది, వాలు వైపు అక్కర్లేని చెక్కును పక్కకు తోస్తుంది. అందుకే కోత గీత గీసినట్టు సమంగా వస్తుంది. రెండువైపులా వాలు పెడితే చాకు లోపలికో బయటికో జారి, కోత మధ్యలో గుంట పడుతుంది.

అంటు అతుక్కోవాలంటే బెరడు కిందుండే సన్నటి పచ్చని పొర, కేంబియం అంటారు, రెండు ముక్కల్లోనూ ఒకదానికొకటి తాకాలి. కోతలో గుంట ఉంటే మధ్యలో గాలి మిగులుతుంది. పైన ప్లాస్టిక్ పట్టీ ఎంత బిగించినా లోపల ఎండిపోతుంది.

మన తాలూకాల్లో పండే బెంగళూరు బ్లూ ద్రాక్షకు ఈ బాధ తక్కువ, కొమ్మ పాతినా వేరు పట్టేస్తుంది. కానీ వేరే రకాలు వేసేవాళ్ళు చాలామంది డాగ్‌రిడ్జ్ అనే వేరుమొక్క మీదే అంటు కడతారు. ఇది అమెరికాలోని టెక్సాస్ వైపు అడవి ద్రాక్ష జాతికి చెందింది. బోరు నీళ్ళు ఉప్పగా ఉన్నా, తక్కువైనా తట్టుకుంటుంది. మొదట వేరుమొక్క నాటి, ఆగస్టు నుంచి అక్టోబరు లోపు దాని మీద పుల్లను మేకులా చెక్కి దిగేస్తారు. ఆ మేకు రెండు ముఖాలూ చదునుగా ఉండాలి. తప్పితే ఆ మొక్క దగ్గర మళ్ళీ మొదలుపెట్టాలి, ఒక్కోసారి ఏడాది పోతుంది.

పదును పెట్టడానికి ఖరీదైన సామాను అక్కర్లేదు. హార్డ్‌వేర్ దుకాణంలో దొరికే రెండు ముఖాల కార్బోరండం రాయి ఒకటి, పెయింట్ దుకాణంలో 1000, 2000 నంబరు వాటర్ పేపర్లు, ఒక మందపాటి గాజు ముక్క, పాత తోలు బెల్టు. రాయికి నీళ్ళు వాడితే ఎప్పుడూ నీళ్ళే, నూనె వాడితే ఎప్పుడూ నూనే.

ముందు వాలు వైపున మార్కర్ పెన్నుతో నల్లగా పూయండి. ఆ వాలును రాయి మీద పూర్తిగా ఆనించి, మెల్లగా రెండుసార్లు లాగి చూడండి. మరక అంతటా సమానంగా పోతే కోణం కుదిరినట్టు. అంచు దగ్గరే పోయిందా, చాకు వెన్ను ఎక్కువ లేపారు. వెనక భాగంలోనే పోయిందా, వెన్ను బాగా దించారు. కోణం డిగ్రీల్లో కొలవనక్కర్లేదు, కంపెనీ పెట్టిన వాలే మీకు దారి. కుదిరాక మడమ నుంచి మొన దాకా ఒకే ఒత్తిడితో రుద్దుతూ ఉండండి. చదును వైపున వేలితో వెన్ను నుంచి అంచు బయటికి మెల్లగా తడిమితే, ఎప్పటికో సన్నటి గరుకు తగులుతుంది. అంచు పొడవునా ఆ గరుకు తగిలిందంటే వాలు పని అయిపోయింది. తగలకుండానే మానేస్తే ఎంత రుద్దినా పదును రాదు. చాలామంది ఆపేసేది అక్కడే.

ఇప్పుడు చదును వైపు. అసలు జాగ్రత్త ఇక్కడే. వాడి వాడి మధ్యలో గుంట పడిన రాయి మీద దీన్ని పెట్టకండి. గాజు మీద తడి వాటర్ పేపర్ పరిచి, చాకును పూర్తిగా పడుకోబెట్టి, వెన్ను ముందుండేలా, అంచు వెనక వచ్చేలా రెండు మూడుసార్లు లాగండి, అంతే. అంచు ముందుకు తోస్తే పేపరు చిరుగుతుంది. గరుకు త్వరగా పోవాలని వెన్నును వెంట్రుకంత లేపినా రెండో వాలు పుట్టేస్తుంది. నా చాకుకు ఆ చక్రం పెట్టిన రెండో వాలు పోగొట్టడానికి ఒక ఆదివారం మొత్తం పట్టింది.

తర్వాత 1000, 2000 పేపర్ల మీద వాలు వైపు ఐదు, చదును వైపు ఒకటి, ఈ లెక్కన తగ్గిస్తూ వెళ్ళండి. చివరగా తోలు బెల్టు మీద రెండువైపులా, ఎప్పుడూ వెనక్కి లాగుతూ పది పదిహేనుసార్లు. చదును వైపు ఇక్కడా పడుకునే ఉండాలి.

పదును చూడటానికి బొటనవేలు వద్దు, కాగితం కూడా వద్దు. పెన్సిలంత లావు పచ్చి పుల్లను మూడు నాలుగు సెంటీమీటర్ల ఏటవాలుగా ఒకే లాగులో కోయండి. ఆ ముఖాన్ని గాజుకు ఆనించి వెలుతురుకు ఎదురుగా పట్టండి. మధ్యలోంచి వెలుగు కనిపించకపోతే చాకు సిద్ధం. కనిపిస్తే చదును వైపు మళ్ళీ చూసుకోండి. ఎడమచేతి వాటం వాళ్ళు కొనేటప్పుడే అడిగి తీసుకోవాలి, వాళ్ళ చాకుకు వాలు రెండోవైపు ఉంటుంది. కుడిచేతి చాకుతో ఎంత పదును పెట్టినా వాళ్ళ కోత తిన్నగా రాదు.

కరెంటు గ్రైండర్ దగ్గరికి మాత్రం తీసుకెళ్ళకండి. వేడికి అంచు నీలంగా మారిందంటే అక్కడ ఉక్కు గట్టిదనం పోయినట్టే. అంత మేరా అరగదీస్తే తప్ప పదును నిలవదు.

ఈ చాకుల్లో చాలావాటికి లాక్ ఉండదు, స్ప్రింగు ఒత్తిడే. రుద్దేటప్పుడు వెన్ను మీద బలంగా నొక్కితే మడుచుకుని వేళ్ళ మీద పడుతుంది. పని అయ్యాక కీలులో చేరిన రాతి పొడిని నీళ్ళతో కడిగి, ఆరబెట్టి, ఒక చుక్క మిషను నూనె వేయండి. తోటలో ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టుకు వెళ్ళేముందు స్పిరిట్ దూదితో అంచు తుడవండి, తెగులు చాకు మీదే ప్రయాణం చేస్తుంది. ఇంకో మాట, ఇంట్లో ఈ చాకును ఎవరికీ అందకుండా దాచండి. నిమ్మకాయ కోయడానికి ఒక్కసారి వాడినా పులుపుకు అంచు తుప్పు పడుతుంది, మళ్ళీ రాయి దగ్గరికే.