వీధి అలంకారము – విద్యుత్తు

మీలాదున్నబీ నాడు మసీదు సందులలో వెలసే పచ్చని కమానులు, వినాయక చవితికి వాడవాడలా లేచే పందిళ్ళు, రంజాన్ రాత్రులలో చార్మినారు చుట్టూ మెరిసే దీపమాలలు – ఇవన్నీ వీధినే చిత్రఫలకముగా చేసికొన్న కళాఖండములు. వీటి కర్తలు పేరెన్నిక గల చిత్రకారులు కారు, పేటలోని యువకులే. నేడు ఈ కళకు జీవము విద్యుత్తు. ఏమరుపాటు కలిగినచో జీవమును తీయునదియు అదే.

నిరుడు మన కళాశాల పందిరిలో ఒక విద్యార్థి, వెలగని సీరియల్ బల్బుల దండను సరిచేయబోయి, షాకు తగిలి ఇనుప స్టూలుపై నుండి క్రింద పడినాడు. అదృష్టవశాత్తు చేయి బెణుకుటతో ఆపద గడచినది. “దీపాలు వెలగడం లేదు గదా సార్, కరెంటు లేదనుకొన్నాను” అన్నాడు. ఆ మాటయే ఈ వ్యాసమునకు ప్రేరణ.

వెలగని దండలో కరెంటు లేదనుకొనుట పెద్ద పొరపాటు. సీరియల్ దండలో బల్బులన్నియు ఒకే గొలుసుగా ఉండును. 50 బల్బులున్నచో ఒక్కొక్క బల్బు పంచుకొనునది 5 వోల్టుల లోపే. కాని ఒక బల్బు మాడిపోగానే ప్రవాహము ఆగును. ఫేజు కొస నుండి ఆ బల్బు వరకు గల తీగ అంతయు 230 వోల్టులతో పొంచి ఉండును. అచట చేయి పెట్టినవాని శరీరమే తెగిన దారికి బదులు భూమికి దారి యగును. స్విచ్చి ఆర్పిన చాలదు, అది న్యూట్రలు వైపున ఉండవచ్చును. ప్లగ్గు ఊడదీసిన తరువాతనే దండను తాకవలెను.

“ఫ్యూజు ఉన్నది గదా” అనుట రెండవ భ్రమ. 5 ఆంపియర్ల ఫ్యూజు 5,000 మిల్లీ ఆంపియర్లు దాటిన గాని కరుగదు. తడిసిన మానవ శరీరపు నిరోధము సుమారు 1,000 ఓములు అనుకొన్నచో 230 వోల్టులకు 230 మిల్లీ ఆంపియర్లు ప్రవహించును. గుండె లయ తప్పుటకు అందులో సగమైనను చాలును. 15 వాట్ల బల్బు తీసికొను కరెంటే 65 మిల్లీ ఆంపియర్లు! ఫ్యూజు తీగను కాపాడును, మనిషిని కాదు.

మనిషిని కాపాడుటకు ఇ.ఎల్.సి.బి. అను సాధనము కలదు. వెళ్ళిన కరెంటును, తిరిగి వచ్చిన కరెంటును ఇది పోల్చి చూచును. 30 మిల్లీ ఆంపియర్లు భూమిలోకి జారినచో క్షణములో సరఫరాను త్రెంచును. అయితే ఫేజును, న్యూట్రలును రెండు చేతులతో పట్టుకొన్నవానిని ఇదియు కాపాడజాలదు. అంతకంటె మేలు, అడాప్టరుతో 12 వోల్టులపై వెలుగు ఎల్.ఇ.డి. దండలను వాడుట.

అలంకార సామగ్రిలోను జాగ్రత్త అవసరము. వెండి రంగు రేకు కాగితము, జరీ తోరణము, బైండింగు తీగ విద్యుద్వాహకములు. ఎండు వెదురు ఫరవాలేదు గాని, వానకు తడిసినది నమ్మదగినది కాదు. దండలను నూలు త్రాటితో కట్టవలెను. అతుకులకు టేపు చుట్టి, నేలకు, తడికి దూరముగా ఉంచవలెను.

ఇక ఎత్తు విషయము. వీధిని దాటు 11,000 వోల్టుల తీగ నేల నుండి కనీసము 6.1 మీటర్ల ఎత్తున ఉండవలెనని నిబంధన. అనగా ఇరువది అడుగుల కమాను దానిని దాదాపు అందుకొనును. 2022 ఏప్రిల్ 27న తంజావూరు సమీపమున కలిమేడులో ఆలయ రథము హైటెన్షను తీగకు తగిలి 11 మంది మరణించిరి. 2023 జులై 29న జార్ఖండులోని బొకారో జిల్లాలో మొహర్రం ఊరేగింపున 11,000 వోల్టుల తీగ తగిలి నలుగురు అసువులు బాసిరి. అచట రథము, ఇచట తాజియా. తీగకు మాత్రము ఆ భేదము తెలియదు.

ఎవరైనను ఇంటి కరెంటుకు చిక్కుకొన్నచో చేతితో లాగరాదు; ముందు మెయిను స్విచ్చి ఆర్పవలెను. హైటెన్షను తీగయైనచో సరఫరా నిలిచెనని విద్యుత్ సిబ్బంది చెప్పువరకు దరి చేరనే రాదు.

విద్యార్థి మిత్రులారా! కొక్కెము వేసి స్తంభము నుండి కరెంటు లాగుట సాహసము కాదు. అనుమతితో తాత్కాలిక కనెక్షను పొందుడు. కళాశాల కమిటీ పెద్దలకు నా మనవి ఒక్కటే: రాబోవు వార్షికోత్సవమునకు కాగితపు పూలు కొనుటకు ముందే ఒక ఇ.ఎల్.సి.బి. కొనుడు, లైసెన్సు గల ఎలక్ట్రీషియనుచే పందిరిని పరీక్ష చేయించుడు. కమాను కట్టిన పిల్లలందరు క్షేమముగా ఇల్లు చేరిననాడే ఆ దీపములకు శోభ.